కలప పీచు, నెలసరి ఆరోగ్యము

(కూచిపూడిలో పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



ప్రచార శాఖవారు వచ్చిరనగానే వీధి దీపములను గురించియో, పన్నుల వసూలును గురించియో ఉపన్యాసము తప్పదని మీరు తలచియుండవచ్చును. నేను నేడు కలపను గురించి మాటాడదలచినాను. ద్వారబంధములకును మంచములకును పనికివచ్చు కలప సంగతి మీకు నాకంటె బాగుగా తెలియును. నేను చెప్పబోవునది ఉడికించి, పీచుగా విడదీసి, రసాయనములతో సంస్కరించి, దూదివలె మెత్తగా చేసిన కలపను గురించి. మన యిండ్లలో ఆడపిల్లలు నెలకు నాలుగైదు దినములు వాడు శానిటరీ నాప్కినులో ద్రవమును పీల్చు భాగము చాలవరకు ఈ కలప పీచే.

ఈ మాట వినగానే కొందరు పెద్దలు పైకప్పు వంక చూచుచున్నారు. చూడవచ్చును, చెవులు మాత్రము ఇటు ఉంచవలెనని ప్రార్థన. నిజమునకు ఈ విషయమున సంకోచము ఏ ఊరివారికి ఉన్నను కూచిపూడి వారికి ఉండరాదు. తరతరములుగా ఇచ్చటి రంగస్థలమున స్త్రీ పాత్రలను పురుషులే ధరించిరి. కీర్తిశేషులు వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషమునకు దేశమంతట పేరుపొంది 1970లో పద్మశ్రీ బిరుదము నందుకొనిరి. స్త్రీ నడకను, మాటను, అలకను అంత శ్రద్ధతో పరిశీలించిన ఊరు, స్త్రీ ఆరోగ్యమునకు సంబంధించిన ఒక చిన్న వస్తువును గురించి అరగంటసేపు వినలేకపోదు. నేడు ఈ నాట్యము నభ్యసించువారిలో బాలికలే ఎక్కువ. వారి అభ్యాసము నెలలో నాలుగు దినములు ఆగిపోకుండుటకు ఈ వస్తువే ఆధారము.

ఇది వైద్యశాఖవారి పని గదా, పంచాయతీకి ఏమి ప్రమేయమని అడుగువారు కలరు. 2018 జూలైలో ప్రభుత్వము నాప్కినులపై వస్తుసేవల పన్నును తొలగించినది. 2019 ఆగస్టు నుండి జన ఔషధి దుకాణములలో ఒక్కొక్కటి ఒక రూపాయికి లభించుచున్నది. 2021 అక్టోబరులో మన రాష్ట్రమున 'స్వేచ్ఛ' కార్యక్రమము ప్రారంభమై, ప్రభుత్వ పాఠశాలలలో 7వ తరగతి మొదలు 12వ తరగతి వరకు చదువు బాలికలకు నెలకు పదేసి చొప్పున ఉచితముగా పంచబడినవి. ఈ విధముగా వాడుక పెరిగినది. వాడిన పిదప ఆ వస్తువు ఎక్కడికి పోవును? మీ వీధిలోనికి, మీ కాలువలోనికి, మీ చెత్తబండిలోనికి వచ్చును. మరియొక వైపున మహిళా సంఘములవారు తామే నాప్కినులను తయారుచేసి అమ్ముకొందుమని చెప్పి పంచాయతీని గది అడుగుచున్నారు, తీర్మానము అడుగుచున్నారు. వస్తువు స్వభావము ఎరుగక ఆ తీర్మానము చేసినచో వారి పొదుపు సొమ్మునకు నష్టము రావచ్చును. అందుచేత మొదట దాని స్వభావమును తెలిసికొందము.

చేలో తీసిన ప్రత్తినుండి గింజ తొలగించి, చిటికెడు దూదిని నీటిగిన్నెలో వేసి చూడుడు. అది తేలును. దూది నీటిని పీల్చునని మనము నమ్ముదుము గాని, పచ్చి దూది పోగుపై సన్నని మైనపు పొర ఉండి నీటిని దరిచేరనీయదు. అదే దూదిని కాస్టిక్ సోడా నీటిలో ఉడికించి, కడిగి, తెల్లబరచినచో ఆసుపత్రి దూది యగును. దానిని నీటిపై వేసినచో కొన్ని క్షణములలో మునుగును. పదార్థము మారలేదు, దాని మీది అడ్డు తొలగినది, అంతే.

కలప సంగతియు ఇట్టిదే, కాని అడ్డు మరింత బలమైనది. కలపలో సుమారు సగము సెల్యులోజు. దూదిలోనున్నదియు ఇదియే. తక్కినదానిలో ముఖ్యమైనది లిగ్నిను అను పదార్థము. గోడలో ఇటుకలను సున్నము పట్టి ఉంచినట్లు, పీచులను ఒకదానితో నొకటి బిగించి చెట్టును నిటారుగా నిలుపునది అదియే. సెల్యులోజు అనగా గ్లూకోజు తునకలు వేలకొలది దండవలె కూర్చబడిన గొలుసు. గొలుసులోని ప్రతి తునకయందును నీటిని ఆకర్షించు ఉదజని, ఆమ్లజని జంటలు మూడేసి కలవు. కలప పీచు వరిగడ్డి పరకవలె లోపల బోలుగా నుండును. గోడలు నీటిని ఇష్టపడును, లోపల ఖాళీ ఉన్నది, పీచుకు పీచుకు మధ్యను ఖాళీ ఉన్నది. ఇక నీరు నిలుచుటకు చోటు కొదువ లేదు.

ఈ గుణము స్త్రీలకు ఉపయోగపడిన కథ యుద్ధభూమిలో మొదలైనది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున గాయములకు కట్టుటకు దూది చాలకపోయెను. అమెరికాలోని కింబర్లీ-క్లార్కు కాగితపు కంపెనీవారు కలప గుజ్జుతో మెత్తని పట్టీని తయారుచేసిరి. అది దూదికంటె ఐదురెట్లు ద్రవమును పీల్చెననియు, వెల సగమేననియు చెప్పబడినది. యుద్ధ ఆసుపత్రులలోని నర్సులు ఆ పట్టీలను తమ నెలసరి అవసరమునకు వాడుకొనిరి. యుద్ధము ముగిసి పట్టీలు మిగిలిపోగా, ఆ కంపెనీ 1920లో వానినే స్త్రీల కొరకు అంగళ్ళలోనికి తెచ్చినది. కనుక ఈ వస్తువును మొదట కనుగొన్నవారు కంపెనీ యజమానులు గాక, రాత్రింబవళ్ళు పనిచేయుచు తమ అవసరమునకు దారి వెదకుకొనిన నర్సులే యని నేను తలచుదును.

ఇక మన కలపను గురించి ఒక మాట. ఇచ్చటికి దగ్గరనే బందరు తీరపు ఇసుక నేలలలో సరుగుడు తోటలు కలవు. నందిగామ వైపు మెట్ట పొలములలో సుబాబుల్ వేసిన రైతులు అనేకులు. ఇట్టి కలప లారీలలో కాగితపు మిల్లులకు పోవుచుండును. రాజమహేంద్రవరమందలి ఆంధ్ర కాగితపు మిల్లు 1924లో కర్ణాటిక్ పేపరు మిల్లుగా ఆరంభమై, పిమ్మట ప్రభుత్వపరమై, 1964లో ప్రైవేటు యాజమాన్యము క్రిందకు పోయినది. పూర్వము వెదురే దానికి ప్రధానమైన ముడిసరకు. నేడు సరుగుడు, సుబాబుల్ వంటి తోట కలపలు. మిల్లులో కలపను చిన్న పేళ్ళుగా కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన నీటిలో 170 డిగ్రీల ప్రాంతపు వేడిలో ఉడికింతురు. లిగ్నిను కరగి నల్లని ద్రవముగా పోవును, పీచు మిగులును. ఇది 1879లో జర్మను రసాయనికుడు కార్ల్ డాల్ కనిపెట్టిన పద్ధతి. పిదప తెల్లబరచుదురు. తెల్లబరచుటకు ఒకప్పుడు క్లోరిను వాయువును వాడెడివారు. దానివలన డయాక్సినులను విషపదార్థములు పుట్టుచున్నవని 1980 తరువాతి సంవత్సరములలో తేలగా, పెద్ద మిల్లులు క్లోరిన్ డయాక్సైడు, ఆమ్లజని మున్నగు మార్గములకు మారినవి.

మన కలప ఇంత దగ్గర నుండగా నాప్కినులకు వాడు గుజ్జు అమెరికా దక్షిణ రాష్ట్రముల పైన్ తోటలనుండి ఓడలలో ఏల రావలెను? కారణము పీచు పొడవు. పైన్ పీచు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. సరుగుడు, సుబాబుల్ పీచు ఒక మిల్లీమీటరుకు అటునిటు. పొట్టి పీచు వ్రాత కాగితమునకు నునుపు నిచ్చును, కాని మెత్తగా పొంగిన దూదిగా చేసినచో ఒకదానినొకటి పెనవేసికొని నిలువలేదు. నాప్కిను నడిమికి విరిగి, ముద్దలుగా ఒక ప్రక్కకు జారును. అందుచేత కాగితపు గుజ్జు చవకగా దొరకునుగదా, దానినే నింపుదమని ఎవరైన సలహా ఇచ్చినచో సంఘమువారు అంగీకరింపరాదు.

ఇక ముఖ్యమైన చిక్కునకు వత్తము. తడిసిన వార్తాపత్రికను ఎత్తబోయినవారికి ఇది అనుభవమే. చేతిలో సగము, నేలపై సగము. పొడి కాగితములో పీచులను పట్టి ఉంచునది ఉదజని, ఆమ్లజని జంటల పరస్పరాకర్షణ. నీరు రాగానే ఆ జంటలు ఒకదానినొకటి విడిచి నీటిని పట్టుకొనును. ఏ గుణముచేత పీచు నీటిని త్రాగునో ఆ గుణముచేతనే తడిసి బలహీనమగును. దప్పిక, దార్ఢ్యము రెండును ఒకచోట నుండుట కష్టము. నూరేండ్లకు పైగా ఈ రంగమున రసాయనికులు పడిన శ్రమ యంతయు ఈ రెంటిని పొత్తు కుదుర్చుటకే.

వారు చేసిన పనులలో మొదటిది సులభము. గుజ్జును అట్టగా ఆరబెట్టునపుడు సబ్బుజాతి పదార్థమును స్వల్పముగా కలిపినచో పీచుల నడుమ పట్టు సడలును. ఆ అట్టను యంత్రములో చితకగొట్టినపుడు పీచు తెగకుండ మెత్తగా విచ్చుకొనును. ఇందు ఒక ఇబ్బంది కలదు. ఆ పదార్థము మితిమీరినచో పీచు నీటిని త్వరగా పీల్చదు.

రెండవది నాకు మిక్కిలి నచ్చినది. దానికి వాడు పదార్థము మన వంటింటిలో దొరకునట్టిదే. నిమ్మ ఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము. దీనిని నీటిలో కలిపి పీచునకు పట్టించి, ఆరబెట్టి, గట్టిగా వేడిచేసినచో, ఆమ్లము సెల్యులోజు గొలుసులలో ఒకదానిని మరియొకదానికి ముడివేయును. రెండు వాసములకు అడ్డముగా మెట్లు బిగించినచో నిచ్చెన యైనట్లు పీచు లోపల కట్టుబాటు ఏర్పడును. మనము చీరెకు గంజి పెట్టుదుము. అదియు బిరుసే, కాని తడిసినంతనే పోవును. ఈ ముడి అట్లు పోదు. ఇట్లు సంస్కరించిన పీచు వంకులు తిరిగి, తడిసినను చదునుగా అణగిపోక తన ఆకారమును నిలుపుకొనును. పీచుల మధ్య ఖాళీ చెడదు గనుక ద్రవము త్వరగా లోనికి దిగి అంతట వ్యాపించును. పిల్ల కూర్చున్నను, పరుగెత్తినను పైపొర పొడిగా నుండును. ముడులు ఎక్కువైనచో పీచు పెళుసెక్కును, దాని గోడ త్రాగు నీరును తగ్గును. కనుక కొలత తెలిసి చేయవలసిన పని. ఖరీదైన నాప్కినులలోను, పసిపిల్లల డైపర్లలోను పైబట్టకు వెంటనే క్రింద ఇట్టి పీచు పొర ఉండుట కలదు.

సెల్యులోజును మార్చు విద్య ఇంతతో ఆగలేదు. క్లోరోఎసిటిక్ ఆమ్లముతోను కాస్టిక్ సోడాతోను కలిపినచో అది మరింత నీటిని పట్టును. దాని గొలుసులకు ముడులు పడినచో నీటిలో కరగక ఉబ్బును. మీరు మ్రింగు మాత్రలలో అనేకము కడుపులో పడగానే పగిలి పొడియగుట ఇట్టి పదార్థము ఉబ్బుటవలననే. జ్వరము వచ్చినపుడు మనము కొంత కలపను గూడ మ్రింగుచున్నామని చెప్పిన అతిశయోక్తి కాదు.

పలుచని నాప్కినులలో కలప పీచుతోబాటు తెల్లని పంచదార వంటి గుళికలు ఉండును. ఇవి కలప జాతివి కావు, పెట్రోలియము నుండి చేయబడిన సోడియం పాలీఆక్రిలేటు. మంచినీటిని తమ బరువునకు వందలరెట్లు పీల్చి జిగురుగా మారును. అయితే ఉప్పునీటి విషయమున ఆ శక్తి ముప్పది నలుబది రెట్లకు పడిపోవును. రక్తమునందు ఉప్పు కలదు గదా. ప్రకటనలలో నీలిరంగు నీరు పోసి చూపుచుందురు. దానినిబట్టి సరకును అంచనా కట్టరాదు. నీరు త్రాగి ఉబ్బిన ఆ జిగురుపై చిటికెడు ఉప్పు చల్లి చూడుడు, పట్టిన నీటిలో చాలభాగమును విడిచిపెట్టును.

సంఘములు తయారీకి పూనుకొనుటను గురించి ఇపుడు చెప్పుదును. కోయంబత్తూరు వాస్తవ్యులు అరుణాచలం మురుగానందంగారి పేరు మీలో కొందరు విని యుందురు. ఆయన మొదట దూదిని నింపి నాప్కినులు చేసిరి, అవి పనికిరాలేదు. మార్కెట్టులోని నాప్కినులలో ఉన్నది దూది కాదనియు, పైన్ కలపనుండి తీసిన సెల్యులోజు అనియు తెలిసికొనుటకు ఆయనకు ఏండ్లు పట్టినది. అది తెలిసిన పిదపనే చిన్న యంత్రము నిర్మింపగలిగిరి. 2006లో ఐ.ఐ.టి. మద్రాసు నుండి బహుమానమును, 2016లో పద్మశ్రీని పొందిరి. ఆ యంత్రములు అనేక రాష్ట్రములలో మహిళా సంఘములకు చేరినవి. యంత్రము కొనుటకంటె ముందు ముడిసరకును తెలియవలెననుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

మన డెల్టాలో ముడిసరకునకు మరియొక శత్రువు గాలిలోని తేమ. నీటిని ప్రేమించు పీచు నీరు పోయువరకు ఆగదు. శ్రావణ భాద్రపదములలో గాలినుండియే చెమ్మను పీల్చి బూజు పట్టును. గుజ్జు అట్టలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడకు దూరముగా, మందపాటి ప్లాస్టికు కవరులో ఉంచవలెను. పంచాయతీవారు ఇచ్చు గది కారునదైనచో ఇయ్యకుండుటయే మేలు.

తయారైన సరకును పరీక్షించుట పెద్ద పనికాదు. నాప్కినులకు భారతీయ ప్రమాణము 1969లో ఏర్పడి, 1980లోను 2019లోను సవరింపబడినది. 1980 నాటి ప్రమాణములోని పరీక్ష మన ఊరిలోనే చేయదగినది. రంగునీటిని నిమిషమునకు 15 మిల్లీలీటర్ల చొప్పున నాప్కిను నడుమ పోయుచు మొత్తము 30 మిల్లీలీటర్లు పోయవలెను. పిదప ఒక కిలో బరువును ఒక నిమిషముసేపు దానిపై ఉంచవలెను. అడుగునగాని, అంచులగాని తడి కనిపించరాదు. రంగునీటిలో కొంచెము ఉప్పు కలుపుమని నా సలహా. ఈ పరీక్ష ప్రయోగశాల ధ్రువపత్రమునకు బదులు కాదు. అయినను ఇందులో ఓడిన సరకును ప్రయోగశాలకు పంపి డబ్బు వ్యయము చేయనక్కరలేదు.

ఇక వాడిన పిదప సంగతి. నాప్కినులోని కలప పీచు మట్టిలో కలసిపోవును. జిగురు గుళికలు, అడుగు ప్లాస్టికు పొర ఎన్నో దశాబ్దములు అట్లే యుండును. మరుగుదొడ్డిలో వేసినచో లోపల ఉబ్బి గొట్టమును మూసివేయును, గుంట పనిచేయుట మానును. కాలువలో వేసినచో ఏమగునో మీకు వేరుగ చెప్పవలెనా? మనము వేసవికి మంచినీటి చెరువులను నింపుకొనునది ఆ కాలువ నీటితోనే. పెరటిలో పాతిపెట్టుదమన్నను ఇది డెల్టా నేల, రెండు మూడడుగులు త్రవ్వగనే పలుచోట్ల నీరు పడును. చెత్తకుప్పపై వేసి తగులబెట్టినచో తక్కువ వేడిలో ప్లాస్టికు కాలి విషపు పొగ వచ్చును. పాఠశాలలలో అమర్చు చిన్న దహన యంత్రములు తగినంత వేడి నందుకొనకున్నచో వానివలనను ఇదే కీడు.

2016 నాటి ఘన వ్యర్థముల నియమములలోనే వాడిన నాప్కినును కాగితములోగాని, కంపెనీ ఇచ్చిన సంచిలోగాని చుట్టి అప్పగించవలెనని చెప్పబడినది. ఈ నియమము పేరునకు మిగిలి యుండుటకు కారణము సిగ్గు. నల్లసంచిలో కట్టి, ఎవరును చూడనిచోట, అనగా కాలువ గట్టున, రాత్రివేళ పడవేయుచున్నారు. ఉదయము దానిని చేతితో ఎత్తువారు మన పారిశుధ్య కార్మికులు. సిగ్గు మనది, ఆ పని వారిది. చెత్తబండికి మూతగల వేరొక డబ్బాను అమర్చి, కార్మికులకు చేతితొడుగులు ఇచ్చి, కాగితముపై ఎర్రచుక్క పెట్టి ఇయ్యుడని ఇంటింట చెప్పించుటకు పంచాయతీకి పెద్ద వ్యయము కాదు. ఈ మాటను ఇంటింట చెప్పుటకు మహిళా సభ్యులే తగుదురు. మన రాష్ట్రమున పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకే గదా.

నాప్కినే వాడితీరవలెనని నేను చెప్పుట లేదు. మెత్తని నూలుబట్టను సబ్బుతో ఉతికి, మంచి ఎండలో ఆరవేసి వాడుట ఏ విధముగను తక్కువది కాదు. మరల మరల వాడదగిన బట్ట పట్టీలకు 2021లో వేరుగా భారతీయ ప్రమాణము ఏర్పడినది. బట్టవలన హాని కలుగుట, దానిని మూలగదిలో చీకటిలో, ఇతర బట్టల క్రింద దాచి ఆరబెట్టుటవలన. ఇంటిలో ఎండ తగులు ఒక తీగ ఆడపిల్లకు ఇచ్చుట మగవారు చేయగల ఉపకారము.

కలపకు బదులు మన పొలములలోని నార పనికివచ్చునా యని అడుగుట సహజము. కృష్ణ లంక గ్రామములలో గెల కోసిన పిదప అరటిబోదెలు గుట్టలుగా కుళ్ళుచుండును. అరటినారతో నాప్కినులు చేయువారు మనదేశముననే కలరు. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కిత్తనారను ఫార్మిక్ ఆమ్లము, హైడ్రోజన్ పెరాక్సైడులతో సంస్కరించి, నీటిని బాగుగా పీల్చు మెత్తని పీచును తయారుచేయవచ్చునని ప్రకటించిరి. ఇచటను సూత్రము మారదు. లిగ్నిను పోవలెను, పీచు విచ్చుకొనవలెను, తడిసినను అణగరాదు. పచ్చినారను ఎండబెట్టి నింపినచో అది గోనెసంచి ముక్కయే యగును. ఎవరైన యంత్రము అమ్మవచ్చి అరటినారను గురించి గొప్పలు చెప్పినచో, ముందు నమూనాను ఈ పరీక్షకు నిలుపుడు.

ఆ బల్లపై రెండు గిన్నెల నీరు, పచ్చి దూది, ఆసుపత్రి దూది, అంగడిలో కొన్న మూడు రకముల నాప్కినులు, రంగునీరు, కొలత గొట్టము, కిలో రాయి, ఉప్పు డబ్బా ఉంచబడినవి. రండు, మీ చేతులతో మీరే చేసి చూడుడు. మహిళా సభ్యులు ముందుగా రావలెనని కోరుచున్నాను. పైకప్పు వంక చూచిన అయ్యలు కిలో రాయి పట్టుకొని నిమిషము లెక్కించు పని చేయవచ్చును.